పసుపు గీతల మీది తెర

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరిసి ఉండాలన్న నియమం ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, ఈ కాగితాలు చించేస్తాను. నాకు ఇంకా ముప్పై నిండలేదు. నేను విరమణ పొందింది, ఆ పెద్ద మాట వాడవచ్చుననుకుంటే, ఒప్పందం మీద కొన్నాళ్లు చేసిన మొదటి ఉద్యోగం నుంచి మాత్రమే. ఇప్పుడొక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. నా విద్యార్థుల్లో డిబేట్ పోటీలకు వెళ్లి కప్పులు గెలుచుకొచ్చేవాళ్లు కొందరున్నారు. వాదించడం బాగా వచ్చినవాళ్లకు ఉద్యోగంలో అది పనికొస్తుందా, అడ్డొస్తుందా అని వాళ్లు నన్ను అడుగుతుంటారు. రెండూ నిజమే. ఏది ఎప్పుడు నిజమో చెప్పాలంటే మాత్రం ఒక నక్షత్రం గురించి, ఒక అక్క గురించి చెప్పాలి.

పురానాపూల్ నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఒక పాత కాలేజీ భవనం. కింద ఫిజిక్స్ ల్యాబు, పైన మా ప్రాజెక్టుకు ఇచ్చిన రెండు గదులు. ఖగోళ పరిశోధన అనగానే రాత్రంతా మేడ మీద టెలిస్కోపు పక్కన నిలబడి ఉంటామని చుట్టాలంతా అనుకునేవారు. మేము పగటి మనుషులం. పదింటికి వచ్చి అయిదింటికి పోయేవాళ్లం. దక్షిణాదిన ఒక కొండ మీద ఉన్న టెలిస్కోపు రాత్రిపూట పట్టిన వెలుగు, వర్ణపటాలుగా మారి, పొద్దుటికి మా కంప్యూటర్లలోకి దిగేది. ఆ రంగుల పట్టీల మీద సన్నని నల్ల గీతలుంటాయి. ఏ గీత ఏ మూలకానిదో మనకు తెలుసు. గీత ఎంత లోతుగా ఉంటే ఆ మూలకం నక్షత్రంలో అంత ఎక్కువన్నమాట. గీతలు కొలవడమే మా ఉద్యోగం.

మా బాపుకు మాదన్నపేటలో పాల దుకాణం ఉంది. ఉద్యోగంలో చేరిన వారానికి ఆయన నన్ను నిలదీశాడు.

"ఇనుము తక్కువున్న చుక్కల్ని ఏరుతవా? ఎక్కువున్నయి ఏరితే జెర ఇజ్జతుండేది గద."

"తక్కువున్నదే పాతది బాపూ. మొదాల్ల లోకంల ఇనుమే లేకుండె. చుక్కలు పుట్టి, కాలి, పేలిపోయినంకనే ఇనుము తయారైంది. ఆ బూడిదలకెళ్లి మళ్ల కొత్త చుక్కలు పుట్టినయి. అందుకే ఎంత తక్కువ ఇనుముంటే అంత ఎనకట పుట్టిందన్నట్టు."

"గంత పాతది ఇంకా ఎట్ల బతికున్నది?"

"చిన్నగుంటది. మెల్లగ కాలుతది. అందుకే ఉన్నది."

"అయితే నీ లెక్క లొల్లి చెయ్యదన్నట్టు," అని పాల క్యాను ఎత్తుకుని వెళ్లిపోయాడు.

మా పరిశోధన ఉద్దేశం ఇంతకంటే స్పష్టంగా నేనెక్కడా రాయలేకపోయాను. అటువంటి నక్షత్రాలు మన గెలాక్సీకి ప్రత్యక్ష సాక్షులు. గెలాక్సీ ఇంకా ముద్దగా, చెల్లాచెదురుగా ఉన్న కాలంలో పుట్టి, అప్పటి గాలి ఎలా ఉండేదో ఒంట్లో దాచుకుని ఇప్పటికీ వెలుగుతున్నాయి. వేల నక్షత్రాలను జల్లెడ పడితే ఒకటో రెండో దొరుకుతాయి.

గదిలో మేము నలుగురం. ప్రాజెక్టు నడిపించే సార్ మితభాషి. ఎదుటి మనిషి వాక్యం పూర్తయ్యాక కూడా కాసేపు ఆగి, ఇంకేమైనా మిగిలిందేమో అన్నట్టు చూసి, ఆ తరువాత మాట్లాడేవారు. కంప్యూటర్లు, ఇన్వర్టరు, నెట్‌వర్కు అన్నీ చూసుకునే భాయ్‌ది బహదూర్‌పురా. ఏడు తరాలుగా తమవాళ్లు అక్కడే ఉన్నారని రోజుకొక్కసారైనా అనకపోతే ఆయనకు చాయ్ దిగేది కాదు. మూడో మనిషి, నేను అక్కా అని పిలిచే పరిశోధక విద్యార్థిని. నేను చేరేనాటికే ఆమె పీహెచ్‌డీ చివరి గడువుకు వచ్చింది. ఇంకో పొడిగింపు లేదని యూనివర్సిటీ చెప్పేసింది. ఇంట్లోవాళ్లు ఒక స్కూల్లో టీచరు ఉద్యోగం మాట్లాడిపెట్టారు. పీహెచ్‌డీ అయ్యాక ప్రాజెక్టులోనే కొనసాగమని సార్ అంటే ఆమె ఒకటే జవాబు చెప్పేది.

"ఇన్నేండ్లల్ల నా చేతిల ఒక్క చుక్కన్న నిలవాలె సార్. నిలిస్తే ఉంట. లేకుంటే పిల్లలకు పాఠాలు చెప్పుకుంట."

ఆ ఒక్క నక్షత్రం ఆమెకు దొరికిందనే అప్పుడు మేమంతా అనుకుంటున్నాం. జల్లెడలో అన్నింటికంటే అడుగున మిగిలిన నక్షత్రమది. దాని ఇనుము గీతలు ఎంత బలహీనంగా ఉన్నాయంటే, మొదటిసారి చూసినప్పుడు కెమెరా చెడిందని భాయ్ కేబుళ్లన్నీ ఊడదీసి మళ్లీ బిగించాడు. మా కొండ టెలిస్కోపుతో ఇంతకంటే వివరంగా చూడలేం. విదేశంలో ఉన్న ఒక పెద్ద టెలిస్కోపు మీద సమయం అడగాలి. ఆ విడత మా బృందం ఒక్క నక్షత్రానికి మాత్రమే దరఖాస్తు పెట్టుకోగలదు. దొరికితే అక్క చివరి అధ్యాయం, ఆమె చెప్పిన షరతు, రెండూ నిలుస్తాయి.

నాకు మాత్రం అనుమానంగా ఉండేది. నక్షత్రం వేడిని మేము దాని రంగు నుంచి లెక్కకట్టేవాళ్లం. రంగు ఒక వేడి చెబుతుంటే, హైడ్రోజన్ గీత కొంచెం ఎక్కువ వేడి చెబుతోంది. వేడి నక్షత్రంలో లోహపు గీతలు సహజంగానే పలచబడతాయి. కాబట్టి అది నిజంగా వేడిదైతే గీతలు పలచగా ఉండటంలో వింత లేదు, ఇనుము కూడా అనుకున్నంత తక్కువ కాదు. ఇది నా వాదన. అయితే ఆ హైడ్రోజన్ గీత మసకగా ఉంది, దాన్ని నమ్మలేమనేది అక్క వాదన. వారం రోజులు మేమిద్దరం ఇదే తగువు పడ్డాం.

"నీకు అడ్డం మాట్లాడుడే పనా ఏందే? కాలేజీల కప్పులు గెలిచినవని ఇక్కడ గూడ గెలవాల్నా?"

"గెలుసుడు గాదక్కా, అనుమానం."

"నీకు ఏ పక్షమిచ్చినా గట్లనే మాట్లాడ్తవు. నీకేంది, సాయంత్రం ఇంటికి పోతవు. నేను ఈ చుక్కను ఇంటికి తీస్కపోతున్న."

ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అందులో నిజముంది. డిబేట్‌లో పక్షాన్ని చీటీ తీసి ఇస్తారు. ఇచ్చినదాన్ని గెలిపించి, హాలు బయట చెప్పుల దగ్గర దాన్ని వదిలేసి వస్తాం. ఎన్నో ఏళ్లు ఆ పని చేసినవాళ్లకు తమ సొంత అభిప్రాయం ఏదో తేల్చుకోవడానికి కొంత సమయం పడుతుంది.

సార్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ ఫలితమైనా గది దాటే ముందు రోజు అందరూ కూర్చోవాలి. నమ్మినవాళ్లు వ్యతిరేకంగా మాట్లాడాలి, అనుమానించినవాళ్లు సమర్థించాలి. మనసు పెట్టి మాట్లాడాలి, తూతూమంత్రంగా కాదు. భాయ్ దానికి అదలాబదలీ అని పేరు పెట్టాడు. దరఖాస్తు గడువుకు ముందురోజు పొద్దున చాయ్ గ్లాసులు తీసేసి, బోర్డు తుడిచి, అదలాబదలీ మొదలుపెట్టాం. అక్క తన నక్షత్రాన్ని కూలదోయాలి. నేను దాన్ని నిలబెట్టాలి.

నేనే ముందు మాట్లాడాను. దాచుకోవడమెందుకు, బాగా మాట్లాడాను. రంగును మూడు వేర్వేరు ఆకాశ సర్వేలు కొలిచాయి, మూడూ ఒకే మాట చెప్పాయి. నక్షత్రానికీ మనకూ మధ్య దుమ్ము ఉంటే, సాయంత్రపు సూర్యుడిలాగా నక్షత్రం ఉన్నదానికంటే ఎర్రగా, అంటే చల్లగా కనిపించే ప్రమాదముంది, నిజమే. కాని ఆకాశపు దుమ్ము పటం ఆ దిక్కున దుమ్ము లేదనే చెబుతోంది. హైడ్రోజన్ గీతలో మసక ఎంతో, తేడా కూడా అంతే ఉంది. మసకను సాక్షిగా పిలవడం న్యాయం కాదు. వారం రోజులుగా నేను పట్టుకుని వేలాడిన అనుమానాన్ని నేనే అక్కడ ముక్కలు ముక్కలు చేశాను.

మాట్లాడుతూ అక్క ముఖం చూశాను. ఆ ముఖంలో సంతోషం మెల్లగా పైకి వస్తోంది. తన నమ్మకాన్ని తనకంటే బాగా ఇంకొకరు చెబుతుంటే కలిగే సంతోషమది. ఓడిపోవాలని అంతగా కోరుకుంటున్న ప్రత్యర్థిని నేను అంతకుముందు చూడలేదు. సార్ తల ఊపుతున్నారు. నేను నమ్మని పక్షాన్ని నేను గెలిపిస్తున్నానని, ఇది హాలు కాదని, దీని తరువాత చీటీలు ఉండవని అప్పుడు నాకు అర్థమైంది. అర్థమైనా ఆపలేదు. పద్ధతి పద్ధతే. ఎదుటి మనిషి తన వంతు సరిగ్గా చేస్తుందన్న నమ్మకం మీదే అది నిలబడుతుంది.

అక్క లేచింది. హైడ్రోజన్ గీత గురించి రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. నేను ముందే కూల్చిన గోడ అది. కిటికీలోంచి కింద బండి మీద జామకాయలు అమ్మేవాడి కేక వినిపిస్తోంది. ఇక కూర్చుంటుందనుకున్నాం.

"దుమ్ము పటం," అంది ఆమె మెల్లగా. "అది పెద్ద పెద్ద గళ్ల పటం సార్. ఒక గడి మొత్తానికి ఒకటే అంకె. గడిల చిన్న మబ్బుంటే దాంట్ల కనబడది."

"ఉందని ఎట్ల చెప్తవమ్మా?" అన్నారు సార్.

"మబ్బుల దుమ్మొక్కటే ఉండదు, సోడియం గూడ ఉంటది. సోడియం ఉంటే పసుపు రంగు కాడ రెండు గీతలు పడాలె." ఆగింది. "మనం ఆ ముక్క ఎన్నడు చూడలే."

మా గది బయటివాళ్లకు ఇక్కడ కొంచెం వివరించాలి. టెలిస్కోపు ఉన్న కొండ కింద ఒక ఊరుంది. ఆ ఊరి వీధి దీపాలు పసుపు రంగు సోడియం దీపాలు. వాటి వెలుగు ఆకాశంలో చెదిరి ప్రతి వర్ణపటంలోనూ సరిగ్గా ఆ పసుపు భాగాన్ని పాడుచేసేది. అందుకని ఎప్పుడో ఎవరో ఆ ముక్కను కప్పేసే మాస్క్ ఒకటి ప్రోగ్రాంలో పెట్టారు. కొత్త వర్ణపటం వచ్చిన వెంటనే, మనిషి కంటపడకముందే, పసుపు ముక్క మీద తెర పడిపోయేది. నేను చేరిన కొత్తలో అదెందుకని అడిగాను. ఊరి దీపాలని చెప్పారు. కారణం సబబుగా ఉంది కాబట్టి తృప్తిపడి ఊరుకున్నాను. ఆ కారణం ఇంకా బతికి ఉందా అని అడగాలని నాకూ తోచలేదు, అంతకుముందు నా కుర్చీలో కూర్చున్నవాళ్లకూ తోచలేదు.

"మొన్న పురానాపూల్ మీద దీపాలు మార్చిండ్రు," అంది అక్క. "అన్ని తెల్లవే. ఆ ఊళ్ల గూడ మార్చే ఉంటరు గద. భాయ్, జెర మాస్క్ తియ్యుండ్రి."

భాయ్ కదలలేదు. "నేనొచ్చినంక దాన్ని ఎవ్వరు ముట్టలే మేడం. చల్తా హువా సిస్టం. నడుస్తున్నదాన్ని ఇయ్యాలనే కెలుకాల్నా? రేపు గడువు పెట్టుకొని?"

"ఇయ్యాలనే."

ఆయన సార్ వైపు చూశాడు. సార్ తల ఊపారు. భాయ్ గొణుగుతూ ఒక వరుసను తీసేసి ప్రోగ్రాం మళ్లీ నడిపాడు. కంప్యూటర్ తెర మీద నక్షత్రం వర్ణపటం ఎప్పటిలాగే గీసుకుంటూ పోయింది. పసుపు దగ్గర ఎప్పుడూ ఉండే ఖాళీ ఈసారి లేదు. ఊరి దీపాల జాడ కూడా లేదు. పక్కపక్కనే రెండు నల్ల గీతలు, సన్నగా, బావిలా లోతుగా ఉన్నాయి.

 జవాబు చెప్పడం నా వంతు. డిబేట్ అలవాటు ఎంత మొండిదంటే, మనసు ఇంకా ఆ గీతల దగ్గరే ఉండగా నోరు లేచి నిలబడింది.

"ఆ గీతలు నక్షత్రానివే కావచ్చు గదా అక్కా. దాంట్లనే సోడియం ఉందేమో."

అక్క బోర్డు దగ్గరికి వెళ్లలేదు. కంప్యూటర్ తెర మీదే వేలు పెట్టింది.

"ఈ చుక్క మన దిక్కు మస్తు జోరుగ ఉరికొస్తున్నది. దాని గీతలన్ని నీలం దిక్కు జరిగినయి. చూడు, ఇనుముది ఇటు జరిగింది, మెగ్నీషియంది ఇటు జరిగింది. సోడియం దీనిదే అయితే ఇక్కడుండాలె." వేలు కొంచెం పక్కకు జరిపింది. "అది ఇక్కడున్నది. జరగనే లేదు. ఇది చుక్కది గాదు. నడుమ నిలబడ్డ మబ్బుది."

నా దగ్గర ఇంకా ఒకటి రెండు జవాబులు ఉన్నాయి. సోడియానికీ దుమ్ముకూ లెక్క ఎప్పుడూ ఒకేలా ఉండదు, కొలతలో పొరపాటు ఎంతో తేలాలి, ఇలాంటివి. పోటీలో అయితే వాటితో ఇంకో రెండు నిమిషాలు నెట్టుకొచ్చేదాన్ని. కూర్చున్నాను.

అక్క సుద్దముక్క తీసుకుని లెక్క తానే కట్టింది. మధ్యలో అంత దుమ్ము ఉంటే నక్షత్రం అసలు రంగు ఎంత, అసలు వేడి ఎంత, ఆ వేడిలో ఆ గీతలకు ఇనుము ఎంత ఉండాలి. చివరి అంకె వేశాక దాని కింద గీత గీసి, సుద్ద గూట్లో పెట్టి, చేతులు దులుపుకుంది. అదొక మామూలు పాత నక్షత్రం. అలాంటివి మా జల్లెడ మధ్య వరుసలో ఎన్నో ఉన్నాయి.

ముందు భాయే నోరు విప్పాడు. ఆయన మనిషి మంచివాడు. ఆ మాట కూడా మంచి మనసుతోనే అన్నాడు.

"ఒక ముచ్చట చెప్తా, ఏమనుకోవద్దు. మాస్క్ మళ్ల పెట్టేస్తా. దరఖాస్తు తయారే ఉన్నది, పంపేద్దాం. పెద్ద టెలిస్కోపు చూసినంక అదే తేలుస్తది గద. మనం ఝూట్ చెప్పినట్టెట్లయితది? నిన్నటిదాంక మనకు తెల్వదు. ఒక్క రోజు లేటుగ తెలిసిందనుకుందాం."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే ఆ మాటలో లాజిక్ ఉంది. డిబేట్ నేర్చినవాళ్లు గమనించాలి: తప్పు చేయమని చెప్పే మాటలు చాలాసార్లు ఇలాగే చక్కగా, మర్యాదగా ఉంటాయి. దరఖాస్తు వెళితే సమయం దొరికే అవకాశం మెండు. పెద్ద టెలిస్కోపు ఆ నక్షత్రాన్ని కొట్టిపారేసేలోపు అక్క పట్టా చేతికి వచ్చేస్తుంది. పంపకపోతే ఆమె దగ్గర ఏమీ లేదు.

సార్ అన్నారు, "దరఖాస్తు మీద మొదటి పేరు నీదమ్మా. నువ్వు ఏదంటే అది. నేను సంతకం పెడతనా, పెట్టనా అన్నది తర్వాత మాట. ముందు నువ్వు చెప్పు."

అక్క సార్ వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వేమంటవు? పక్షం సంగతి గాదు. నువ్వు."

అప్పటిదాకా నన్ను ఎవరూ ఆ ప్రశ్న అలా అడగలేదు. వాదించడానికి నిలబెట్టారు, తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టారు, నువ్వేమంటావని మాత్రం అడగలేదు. జవాబు నాకు వెంటనే తెలుసు. అది చెప్తే పోయేది నా నక్షత్రం కాదన్నది కూడా తెలుసు. పక్కవాళ్ల ఖర్చుతో నిజాయితీగా ఉండటం చాలా తేలిక.

"పంపొద్దక్కా," అన్నాను. "పంపితే నువ్వు ఆ చుక్కను జన్మంత ఇంటికి తీస్కపోవాలె."

ఆమె భాయ్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "మాస్క్ అన్నిట్లకెళ్లి తియ్యుండ్రి. మొత్తం జల్లెడ మళ్ల పడుదాం. రేపటిదాంక టైమున్నది."

ఆ మధ్యాహ్నం మేము వదిలేసిన వర్ణపటాలన్నీ పసుపు ముక్కతో సహా మళ్లీ నడిపాం. గల్లీ చివరి హోటల్ నుంచి భాయ్ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెచ్చాడు. ఎవరి చాయ్ వాళ్ల ముందే చల్లారిపోయింది. పని మీద ఆశ ఉండి చేశామని చెప్పలేను. ఖాళీగా కూర్చోలేక చేశాం.

ఒక నక్షత్రం దగ్గర అక్క ఆగింది. ఎప్పుడో కొట్టేసినది, మా పటంలో దుమ్ము దట్టంగా ఉన్న దిక్కున ఉంది. దుమ్ము వల్లే ఎర్రగా కనిపిస్తోందని మేము లెక్కలో ఆ ఎరుపును తీసేశాం. ఎరుపు తీస్తే వేడి నక్షత్రం అనిపించింది. వేడిది కాబట్టి గీతలు పలచగా ఉన్నాయనుకుని పక్కన పడేశాం. ఇప్పుడు తెర తీసి చూస్తే పసుపు దగ్గర మబ్బు గీతలు దాదాపు లేవు. దుమ్ము ఉంది, కాని నక్షత్రం దుమ్ముకు ఇవతల ఉంది. ఆ ఎరుపు దాని సొంత ఎరుపు. అది నిజంగానే చల్లనిది. చల్లని నక్షత్రంలో గీతలు అంత పలచగా ఉన్నాయంటే ఇనుము నిజంగానే లేదన్నమాట.

"దీన్ని మనమే పారేసినం," అంది అక్క. ఆమె గొంతులో సంతోషం లేదు. ఒకసారి సంతోషపడి దెబ్బతిన్న మనిషి జాగ్రత్త ఉంది.

మరునాడు పొద్దున ఇంకో అదలాబదలీ పెట్టాం. ఈసారి ఎవరూ గట్టిగా నమ్మడం లేదు కాబట్టి పక్షాలు పంచుకోవడానికి భాయ్ రూపాయి బిళ్ల ఎగరేశాడు. దరఖాస్తులో అక్క రాసిన వాక్యం నాకిప్పటికీ నోటికి వచ్చు. ఈ నక్షత్రంలో ఇనుము అత్యల్పంగా ఉండవచ్చు, మా పాత పద్ధతి దీన్ని పొరపాటున వదిలేసింది, పద్ధతిలోని లోపం ఇది. అంతే. బతిమాలడం లేదు, గొప్ప లేదు. లోపం చెప్పుకుంటూ సమయం అడిగేవాళ్లకు ఎవరిస్తారని భాయ్ అన్నాడు. ఇచ్చారు. అయితే ఇచ్చిన తేదీ అక్క గడువు దాటాక పడింది.

అప్పుడామె ఒక పని చేసింది. చివరి అధ్యాయంలో ఆ రెండో నక్షత్రాన్ని పెట్టలేదు. పడిపోయిన మొదటి నక్షత్రాన్ని పెట్టింది. మాస్క్ ఎందుకు వేశారో, ఎందుకు మరిచిపోయారో, దుమ్ము ఒక మామూలు నక్షత్రానికి ఎలా లేని వయసు తెచ్చిపెట్టిందో రాసింది. రెండో నక్షత్రం మాటైనా ఎత్తమని నేను పోరాను.

"ఇంకా తెల్వనిదాన్ని ఎట్ల రాస్త? నాకు తెలిసిన కాడికే రాసిన."

పట్టా వచ్చింది. పరీక్షకులు ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నారని సార్ చెబితే ఆమె ఊరికే నవ్వింది. తన చేతిలో ఒక్క నక్షత్రమైనా నిలవాలన్న షరతు ఆమె తనకు తాను పెట్టుకున్నది, పరీక్షకులు పెట్టింది కాదు. ఆ నెలలోనే ప్రాజెక్టుకు నమస్కారం పెట్టి స్కూలులో చేరింది.  ఆమెకు ఇస్తానన్న పోస్టులో సార్ ఇంకెవరినీ తీసుకోలేదు.

పెద్ద టెలిస్కోపు పట్టిన వర్ణపటం ఒక శనివారం ఉదయం వచ్చింది. సార్ ఒక కంప్యూటర్ మీద, నేను ఇంకో దాని మీద, ఒకరిది ఒకరం చూడకుండా కొలిచాం. మధ్యాహ్నానికి కాగితాలు పక్కపక్కన పెట్టాం. సార్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తరువాత, "దాని దారి కూడా కట్టమ్మా," అన్నారు. గెలాక్సీలో అది ఏ దారిన తిరుగుతోందో లెక్క కట్టాను. వచ్చిన జవాబు నమ్మలేక ప్లస్ మైనస్ గుర్తులు తారుమారయ్యాయేమోనని మళ్లీ కట్టాను. అప్పుడు అక్కకు ఫోన్ చేశాను.

ఆమె మాదన్నపేట కూరగాయల మార్కెట్‌లో ఉంది. చుట్టూ గోల.

"జెర ఆగు. ఏ అన్నా, ముదురు బెండకాయలన్ని నాకే ఏరి పెడుతున్నవేంది? తియ్ తియ్. ఆ, చెప్పు."

"స్పెక్ట్రం వచ్చిందక్కా. ఇనుము గీతలు కొలుద్దామంటే దొరుకుతలేవు. సూర్యునిల ఉన్నదాంట్ల వెయ్యో వంతు గూడ లేదు."



"ఎవలు కొలిచిండ్రు?"

"సార్ వేరేగ, నేను వేరేగ. ఒక్కటే వచ్చింది."

"దుమ్ము?"

"లేదు."

"ఎటు తిరుగుతుంది?"

ఆమె ఆ ప్రశ్న అడుగుతుందని నాకు తెలుసు. "మనకు ఎదురుంగ. మన సూర్యుడు, ఈ చుక్కలన్ని ఒక దిక్కు తిరుగుతుంటే, అది వాలుగ వచ్చి ఎదురు దిక్కు పోతున్నది."

"అంటే ఇక్కడ పుట్టలే."

"పుట్టలే. ఏదో చిన్న గెలాక్సీల పుట్టింది. మన గెలాక్సీ ఇంకా తయారైతున్నప్పుడు దాన్ని మింగేసింది. ఆ ఊరు పోయింది, ఇది మిగిలింది. మన కాడున్నయాట్ల అందరికన్న పాతది, అక్కా, బయటికెళ్లి వచ్చింది."

స్పీకర్‌లో వింటున్న భాయ్ తల పట్టుకున్నాడు. "యా అల్లా. ఏడు తరాల ముచ్చట ఇగ నేను ఎవ్వరికి చెప్పుకోవాలె?"

సార్ నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఫోన్‌లో అక్క  బెండకాయల మనిషితో కిలో వద్దు, పావు చాలంది. ఆ తరువాత నాతో అంది.

"సోమవారం స్కూల్ల చెప్పి వస్త. నా కుర్చీ ఎవ్వలకన్న ఇచ్చిండ్రా?"

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె వెళ్లినప్పటి నుంచి ఆ కుర్చీ మీద పాడైన మానిటర్లు రెండు పేర్చి ఉన్నాయి. భాయ్ అప్పటికే వాటిని ఒక్కొక్కటిగా కిందికి దించుతున్నాడు.